బావ కంచానికి పెట్టిన గుర్తు

9 ఆగస్టు 2016, మంగళవారం

పొద్దున రిపోర్టులొచ్చాయి. మా ఇద్దరికీ ఉన్నది హెపటైటిస్ సి యే గానీ, బావది మూడో రకం, నాది ఒకటో రకం.

"మీ ఆయన నుంచి వచ్చుంటే మీకూ మూడో రకమే ఉండాలమ్మా. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?" అన్నారు డాక్టరు గారు.

నేను ఆలోచిస్తుంటే బావే చెప్పాడు, పెద్దోడి కాన్పులో రెండు సీసాలు ఎక్కించారని. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. నేను మర్చిపోయాను, బావ మర్చిపోలేదు.

పోయిన నెల నాకూ ఉందని తేలిన రోజు, నౌపడ స్టేషన్లో అందరూ చూస్తుండగా "నీ రోగం నాకంటించేసినావు" అని అరిచాను. బావ తల దించుకున్నాడు. అంతకుముందు, బావకి ఉందని తెలిసిన దగ్గర్నుంచి రెండేళ్లు, బావ కంచం అంచుకి ఎర్ర గోళ్లరంగు పూసి వేరుగా పెట్టాను. ఇవాళ బావ మందులకెళ్లాక డాక్టరు గారిని అడిగితే, కంచాల వల్ల ఇది అంటుకోదన్నారు. ఆ మాట అప్పుడే ఎవరినైనా అడగాల్సింది.

ఇంటికొచ్చి ఆ రంగు గీకేశాను. తప్పయిపోయిందని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అన్నం నా కంచంలోనే పెట్టిచ్చాను. బావ ముద్ద కలపబోయి ఆగి, కంచాన్ని చుట్టూ తిప్పి చూశాడు.

"ఒసే, ఇది నాది కాదే. సూసుకోవేటి? నా రకం కూడా నీకు అంటుకుంటాది, మార్సెయ్."