చంపకుండా వదిలిన గబ్బిలం

శాంత ఎలేనా, మరాన్యోన్ ఏటి ఒడ్డు
మే నెల

ప్రియమైన నా చిట్టి చెల్లెలు నోయెమీకి,

ఏటి నీళ్లు ఇంటి నాలుగో మెట్టు దాకా వచ్చి ఆగాయి. కర్రపెండలం ముందే తవ్వుకున్నాం కాబట్టి బతికాం. నా పొట్ట మాత్రం ఏ మెట్టు దగ్గరా ఆగడం లేదు. ఏడో నెల. వంగి నా కాళ్లు నేను చూసుకుని చాలా రోజులైంది.

అందుకే మొన్న పొద్దున దుప్పటి మీద నెత్తురు చూసి హడలిపోయాను, కాన్పు వచ్చేసిందనుకుని. మా అత్త వచ్చి చూసి నవ్వింది. "కడుపు కాదే పిల్లా, కాలు! గబ్బిలం నీ బొటనవేలు రుచి చూసింది." నెలలో ఒకరినైనా కరవకుండా ఉండదు కదా అది. మీ బావ సెగుందో దోమతెర అంచు కోసి చేపల వలకు అతుకు వేసుకున్నాడు, ఆ సందులోంచి దూరింది. రెండు తిట్లు తిట్టి ఊరుకున్నాను.

పట్నంలో నర్సింగ్ చదువు ఎలా ఉంది? ఇకీటోస్‌లో అగ్వాహె పళ్లు కొనుక్కుని తింటున్నావా, చదువు ధ్యాసలో పస్తులుంటున్నావా?

నీ పొట్టక్క,
ఎర్లిండా


ఇకీటోస్

ప్రియమైన ఎర్లిండక్కకు,

నీ ఉత్తరం తెచ్చిన లాంచీలోనే జవాబు పంపిద్దామని పరుగున రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

నాకు ఎన్ని సందేహాలో! అది కరిచినప్పుడు నీకు నొప్పి తెలియలేదా? నెత్తురు ఎంతసేపు కారింది? పుస్తకంలో చదివి ఆశ్చర్యపోయాను. దాని పళ్లు మంగలి కత్తి కన్నా పదునట, దాని ఉమ్మి నెత్తురును గడ్డకట్టనివ్వదట. చిన్నప్పటి నుంచీ గబ్బిలాలు రాకుండా దీపం పెట్టుకుని పడుకున్నామే గానీ, ఇవేవీ అడగాలని మనకు తోచనే లేదు!

ఈ ముచ్చటంతా మా టీచరమ్మకు చెబితే ఆమె నవ్వలేదు. "మీ ఊళ్లో ఈ మధ్య పశువులేమైనా చచ్చాయా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "కనుక్కో. త్వరగా కనుక్కో" అంది.

చచ్చాయా అక్కా? ఆ గబ్బిలం ఏమైంది? జవాబు వచ్చేదాకా ఆగకు. గాటును సబ్బుతో, ధారగా నీళ్లు పోస్తూ, చాలాసేపు కడుగు.

నీ ప్రశ్నల పుట్ట,
నోయెమీ


శాంత ఎలేనా

ప్రియమైన నా ప్రశ్నల పుట్టకు,

కడిగాను. సబ్బు సగం అరిగిపోయింది, అత్త సణుగుతోంది.

పక్కింటివాళ్ల పెయ్య చచ్చింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగింది, తర్వాత లేవలేదు. పాము కాటన్నారు. నువ్వు అడిగాక నాకూ అనుమానంగా ఉంది.

గబ్బిలం నీకు ఉత్తరం పంపిన మర్నాడు రాత్రి మళ్లీ వచ్చి తెర లోపలే చిక్కుకుంది. నేను "కొట్టు, కొట్టు" అని అరుస్తుంటే మీ బావ దాన్ని పట్టుకుని బయట వదిలేశాడు. కడుపులో బిడ్డ ఉండగా తండ్రి ఏ ప్రాణిని చంపినా దాని గుణం బిడ్డకు సోకుతుందని తెలుసు కదా. ఈ ఏడు నెలలూ వేట మానేశాడు, తాబేలు ముట్టలేదు, చేపల మీదే బతుకుతున్నాం.

గబ్బిలం కరిస్తే ఆరోగ్య కేంద్రంలో సూది వేస్తారట, ఆ మాట ఎత్తితే అత్త మండిపడింది. "ఈ చేతులతో ఊళ్లో సగంమందికి పురుడు పోశాను. కడుపుతో ఉన్నదానికి జంతువు జబ్బు మందు ఎక్కిస్తే ఆ జంతువే బిడ్డలోకి దూరుతుంది" అంటోంది. తప్పని నేనెలా అనను? ఆమె చేతిలో ఒక్క బిడ్డా పోలేదు. ఇక మీ బావ ఔననడు, కాదనడు. అరటి గెల కొడుతూ చెయ్యి కోసుకున్నాడట, గుడ్డ చుట్టుకుని గుమ్మంలో కూర్చుంటున్నాడు.

భయపడుతున్న
అక్క


ఇకీటోస్

ప్రియమైన అక్కా,

కళ్లు తుడుచుకుని రాస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. పెయ్యకు వచ్చింది గబ్బిలం కాటుతో సోకే రేబిస్ కావచ్చునని టీచరమ్మ అంది. అది మనిషిలో బయటపడ్డాక కాపాడే మందు లేదు. బయటపడకముందు టీకా ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకు వేయవచ్చా అని మూడుసార్లు మాటలు మార్చి అడిగాను. "వేయవచ్చు, వేసి తీరాలి. బిడ్డకు దానివల్ల హాని లేదు. తల్లి బతికితేనే కదా బిడ్డ" అంది.

అత్తయ్యను ఎదిరించమని అనను. నాకు నిజంగానే ఒక సందేహం ఉంది, ఆమెనే అడుగు. బిడ్డ కోసం వేట మానేది తండ్రి, నోరు కట్టుకునేది తండ్రి. మరి బిడ్డ కోసం సూది మాత్రం తల్లి ఒక్కతే ఎందుకు పొడిపించుకోవాలి? ఇద్దరూ కలిసి మందు తీసుకుంటే బిడ్డకు ఏమీ సోకదేమో? ఆమెకే బాగా తెలుస్తుంది. అడగవూ?

నీ జవాబు కోసం రోజూ రేవుకు వెళ్తున్న
నోయెమీ


శాంత ఎలేనా
ఆగస్టు నెల

ప్రియమైన మా నర్సమ్మకు,

ఇన్నాళ్లూ రాయనందుకు రేవులో నిలబడి ఎంత తిట్టుకున్నావో! ఇప్పుడు అన్నీ చెబుతాను.

నీ సందేహం అత్తకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. తర్వాత, "ఆ పిల్లకు బుర్ర ఉంది. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు మందూ ఇద్దరికీ పడాలి" అని లేచి పడవలో చాప పరిచింది. మీ బావ ముఖం పాలిపోయింది. నేను సూదంటే భయమేమో అనుకున్నాను.

ఆరోగ్య కేంద్రంలో నర్సు నా వేలు చూసి, అతని వైపు తిరిగి, "నీకేమీ కరవలేదు కదా?" అంది. లేదన్నాడు. "ఆ గుడ్డ విప్పు" అంది. అరటి గెల కొట్టిన కత్తి అన్నాడు.

"మీ ఊళ్లో కత్తులకు పళ్లుంటాయా?" అంది నర్సు.

నోయెమీ, ఆ గబ్బిలాన్ని వదిలేటప్పుడు అది అతన్ని అరచేతిలో కరిచింది! "చంపితే బిడ్డకు సోకుతుందని చేత్తో పట్టుకున్నాను. నన్ను కరిచిందంటే బిడ్డకు సోకినట్టేనని అమ్మ అంటుందేమోనని చెప్పలేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "మొద్దు వెధవా! నువ్వు చస్తే బిడ్డకు వేట నేర్పేదెవరు, నేనా?" అని, తర్వాత తనే అతని చెయ్యి పట్టుకుని నీళ్ల ధార కింద పెట్టి కడిగింది. ఎంతసేపటికీ వదల్లేదు.

నేను కడిగాను, అతను కడగలేదు. నా గురించి అందరం హడలిపోయాం, అతన్ని ఎవరూ అడగలేదు. నీ ప్రశ్న లేకపోతే అతను ఆ పడవ ఎక్కేవాడే కాదు.

ఇద్దరం నర్సు చెప్పిన రోజులన్నిటికీ వెళ్లి టీకాలన్నీ వేయించుకున్నాం. అంచులేని తెర పారేసి కొత్తది కట్టాం. ఆ తర్వాత నిన్ను పిన్ని అని పిలిచే కూతురు పుట్టింది. నల్లటి జుట్టు, గట్టి గొంతు, ఏ లోపమూ లేదు.

ఒక్కటే చిక్కు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. అత్త ఊరంతా తిరిగి, "చెప్పానా, కొంచెం సోకింది. అయినా నా మనవరాలు గబ్బిలానికే లొంగలేదు" అని గొప్పలు పోతోంది. పసిపిల్లలందరూ అంతేనని మీ పుస్తకంలో ఉంటే, ఆ ఒక్క ముక్క మాత్రం మాకు రాయకు.

నిద్రలేని, సుఖంగా ఉన్న
నీ అక్క