అక్క గొంతుకు మూడు కాపీలు

మార్చి 2, మధ్యాహ్నం

ఇంటికి కొత్త రౌటర్ నేనే ఎంచుతాను. ఇందులో చర్చ లేదు. ఈ ఇంట్లో ఫ్యూజు పోతే నేను, గీజర్ మొండికేస్తే నేను, బావ ఫోన్‌లో అక్షరాలు ఉన్నట్టుండి చీమలంత అయిపోతే నేను. కళ్లజోళ్ల షాపులో పదిహేడేళ్లుగా వెంట్రుకవాసి తేడా రాకుండా లెన్సులు అరగదీస్తున్నదాన్ని. ఒక డబ్బా ఎంచుకోలేనా?

ఎందుకు కావాలో కూడా రాసుకోవాలి. ఈ నెల 27న అక్కకి ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు అని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, ఒక కంపెనీ కాగితం చేతిలో పెట్టింది. ఆలోపు అక్క మూడు వందల యాభై వాక్యాలు చదివి, రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పంపితే, వాళ్లు అక్క గొంతులాంటి గొంతు తయారుచేస్తారట. అక్క ఫోన్‌లో టైప్ చేస్తే ఫోన్ అక్కలా మాట్లాడుతుంది.

అక్క డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. ఇరవై రెండేళ్లుగా. గొంతు లేకుండా పక్క సీట్లో కూర్చుంటే నాకూ లగేజీకీ తేడా ఏముందే అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది.

మార్చి 3

రికార్డింగ్ మొదలు. అక్క గదిలోనే, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి. బట్టలుంటే గది గింగురుమనదు. ఇదీ నా ఐడియానే.

బావ పక్కన కూర్చుని వాక్యాల కాగితాలు పట్టుకుంటాడు, ఒక్కో వాక్యం అవగానే పెన్సిల్‌తో టిక్కు పెడతాడు. వాక్యాలు ఎవరు రాశారో గానీ, మా మేనమామ ఒంటెకు గొడుగు కొనలేదు అని ఒకటి. అక్షరాలన్నీ రావాలని అలా రాస్తారట. అక్క దాన్ని, ఎడమకి తిప్పు, ఎడమకి, అన్నట్టే చదివింది. బావ నవ్వాడు. టేక్ పోయింది. మళ్లీ చదివింది. ఈసారి నేను నవ్వాను.

అప్‌లోడ్ మాత్రం అరవై శాతం దాకా పాకి చచ్చింది. మూడుసార్లు. ఇంటర్నెట్ వాడు ఉత్తపుణ్యానికి ఇచ్చిన రౌటర్ హాల్లో టీవీ వెనక, అక్క గదికి మూడు గోడల అవతల దుమ్ము తింటూ కూర్చుంది. ఎలా అందుతుంది?

మార్చి 5, సాయంత్రం

ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాను. సేల్స్‌మ్యాన్ నాకో ఎనిమిది యాంటెన్నాల యంత్రం అంటగట్టాలని చూశాడు. వెల్లకిలా పడ్డ సాలీడులా ఉంది. గేమ్స్ ఆడతారా మేడమ్ అన్నాడు. మా అక్క వాక్యాలు చదువుతుంది అన్నాను. గుడ్లప్పగించి చూశాడు.

నేను చదువుకుని వెళ్లాను కదా. ఫైవ్ గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. టూ పాయింట్ ఫోర్ మెల్లగా అయినా గోడలు దాటుతుంది. నాక్కావలసింది రెండూ ఉన్న మామూలు రౌటర్, దానికి జోడీగా రెండో గదిలో పెట్టుకునే బుల్లి యూనిట్, వెనక వైరు పెట్టుకునే పోర్టులు గిగాబిట్‌వి. ఈ పోర్టు స్పీడెంత అని అడిగితే, ఒక్క నిమిషం అని లోపలికెళ్లాడు. పది నిమిషాలైంది. ఈలోగా డబ్బా మీద నేనే చదువుకుని, అతను తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాను.

మార్చి 6

రౌటర్‌ని టీవీ వెనకనుంచి విడిపించి వరండా అలమారలో, ఇంటి నడిబొడ్డున పెట్టాను. బావకి నచ్చలేదు. ఆ అర తాళాలకీ గొడుగులకీ అట. బావ పంపుల విడిభాగాల గోడౌన్‌లో స్టోర్‌కీపర్. ఏ వస్తువైనా దాని చోటనే ఉండాలి, ఒక వస్తువు రెండు చోట్ల ఉండకూడదు, అది ఆయన మతం. గొడుగులు ఎక్కడికి పోతాయమ్మాయ్ అని పావుగంట దిగులుపడ్డాడు. తలుపు వెనక మేకు కొట్టి ఇచ్చాను.

మొదటి 118 వాక్యాలు ఒక్క నిమిషంలో కంపెనీకి ఎగిరిపోయాయి. అక్క నోరెళ్లబెట్టింది. నేను కాలర్ ఎగరేశాను. కాలర్ లేని జాకెట్టు, అయినా ఎగరేశాను.

మార్చి 9

ఇవాళ పెట్టె వచ్చింది. రెండు డిస్కుల స్టోరేజి. ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా రాసుకుంటుంది. ఒకటి కాలిపోతే రెండోది ఉంటుంది. అక్క గదిలో ల్యాప్‌టాప్‌కీ దీనికీ సింక్ పెట్టాను. అక్కడ రికార్డు అయిన ప్రతి ఫైలూ దానంతట అదే ఇక్కడికొచ్చి పడుతుంది. సెట్టింగ్స్ అన్నీ నా చేతులతోనే చేశాను, ఎవర్నీ అడగలేదు.

భోజనాల దగ్గర అందరికీ ప్రకటించాను. అక్క గొంతు ఇప్పుడు మూడు చోట్ల ఉంది, పిడుగు పడినా పోదు.

మార్చి 14

240 అయ్యాయి. అక్క గొంతు పొద్దున పర్వాలేదు, పదింటికల్లా బొంగురు. అయినా ఒక్కరోజు మానలేదు. మిగతావి ఎప్పుడు పంపుతావే అంది. మధ్యమధ్య దగ్గులు, ఊపిరి చప్పుళ్లు కోసి, నీట్‌గా చేసి అన్నీ ఒకేసారి పంపుతా అన్నాను. నా చేతిలోంచి వెళ్లే పని అలాగే వెళ్తుంది. ఇప్పుడు నిమిషం పని, తొందరేముంది?

మార్చి 19

312. రేపు డాక్టర్ దగ్గరికి. ఎల్లుండి మిగతా 38 కొట్టేస్తాం.

మార్చి 21, ఉదయం 11.40, షాపు వెనక గది

అక్క ఫోన్ చేసింది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ ఖాళీగా ఉందే అంది. పెట్టెలో చూడు అన్నాను. పెట్టెలో కూడా లేదే అంది. పెట్టె ప్లగ్గు పీకెయ్, ఇంకేం ముట్టుకోవద్దు అని అరిచాను. లెన్సుకి వచ్చినాయన కళ్లజోడు లేకుండానే నన్ను ఎగాదిగా చూశాడు.

మార్చి 21, మధ్యాహ్నం

ఏం జరిగిందంటే. పొద్దున రికార్డింగ్‌కి కూర్చుంటే ల్యాప్‌టాప్ నిండిపోయింది, చోటు లేదు అని ఎర్రగా చూపించిందట. నేను షాపులో ఉన్నాను. అక్క గొంతు మళ్లీ పదింటికి పోతుంది. బావ చూశాడు. అవే ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నాయి, పెట్టెలోనూ ఉన్నాయి. ఒకే సరుకు రెండు చోట్ల. పెట్టెలో ఎలాగూ రెండు డిస్కులున్నాయని మరదలు చెప్పింది కదా అని, ల్యాప్‌టాప్‌లోవి తుడిచి చోటు చేశాడు. సింక్ అంటే సింకే. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడుచుకుపోతుంది. రెండు డిస్కులూ బుద్ధిగా, ఒకేసారి తుడుచుకున్నాయి.

బావని నానా మాటలూ అన్నాను. గోడౌన్ బుద్ధి గోడౌన్‌లో పెట్టుకోవాలి అన్నాను. ఇరవై రెండేళ్ల గొంతుని స్టాక్ అనుకున్నారా అన్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మార్చి 22

పెట్టె పట్టుకుని డిస్కులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. మంచి మనిషి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. 194 ఫైళ్ల పేర్లు దొరికాయి, లోపల ఏమీ లేదమ్మా అని చేతులెత్తేశాడు. డిస్కు పాడైతే రెండోది కాపాడుతుంది, మనిషి తుడిస్తే ఎందుకు కాపాడుతుంది, దీన్ని బ్యాకప్ అని మీకెవరు చెప్పారు అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. నేనే అందరికీ చెప్పాను.

ఇంటికొచ్చేసరికి బావ టేబుల్ దగ్గర కాగితాలు ముందేసుకుని రబ్బరుతో తుడుస్తున్నాడు. 119 నుంచి 312 దాకా, ఒక్కో టిక్కూ. సరుకు లేనప్పుడు టిక్కు ఉండకూడదుగా.

మార్చి 23

ఇక్కడైనా రాయాలి.

పెట్టె సెట్ చేస్తున్నప్పుడు, రీసైకిల్ బిన్ ఉంచాలా అని అడిగింది. ఉంచితే తుడిచినవి నెలరోజులు ఆ బుట్టలో ఉండేవి. నేను తీసేశాను. అక్క పక్కనే ఉంది. ఉండనీవే, దానికేం తిండి పెట్టాలా అంది. మనింట్లో చెత్త లేదు, చెత్తబుట్ట దండగ అన్నాను. నెలరోజుల బుట్ట ఉంటే బావ చేసింది తప్పే కాదు. రెండు క్లిక్కుల పని.

అక్కకి గుర్తుందో లేదో. అడగను.

మార్చి 24

డాక్టరమ్మ రోజుకి పది నిమిషాలకు మించి మాట్లాడొద్దంది. పోయిన 194 రెండు వారాల కష్టం. మిగిలింది మూడు రోజులు. కంపెనీకి ఫోన్ చేశాను. 118 తోనూ గొంతు వస్తుంది, కాస్త మొరటుగా వస్తుంది అన్నారు. నేను వెంటనే ప్లాన్ వేశాను. రోజుకి పది నిమిషాల్లో ఇరవై వాక్యాలు, 119 నుంచి మొదలు. అక్క కాగితాలు తీసుకుని నా ఒళ్లో పడేసింది. ఒంటె వద్దు, గొడుగు వద్దు, మీ కంపెనీ వాక్యాలు వద్దు, ఉన్న గొంతుతో నాక్కావలసినవి నేను చెప్పుకుంటా అంది. ఒక్కో మాటా అన్నది అన్నట్టుగా దాచి, ఫోన్‌లో బటన్ నొక్కితే పలికేలా చెయ్యగలవా అంది.

చెయ్యగలనా! ఆ అనుమానం ఇంజనీరు మీద రావాలి గానీ నా మీదా? గంటలో చేసి పెట్టాను.

మార్చి 25, ఉదయం

మా ఇద్దర్నీ బయటికి పంపి తలుపేసుకుంది. పది నిమిషాలు. నేనూ బావా వరండాలో రౌటర్‌కి చెరోపక్కా నిలబడ్డాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. లోపల్నుంచి, క్లచ్ తొక్కు, క్లచ్, అని ఒక కేక వినబడింది. గొంతు చీలిపోయింది, అయినా గోడలు దాటింది. బావ కళ్లు తుడుచుకున్నాడు.

41 ఫైళ్లు. పేర్లు లేవు, నంబర్లే. నేను వినకూడదని అక్క ఆర్డర్. వినలేదు. పెట్టెలోకి ఒకటి, ఇంటర్నెట్‌లోకి ఒకటి, విడి డిస్కులో ఒకటి. విడి డిస్కు షాపులో నా లెన్సుల సొరుగులో తాళం వేసి ఉంది. ఈసారి సింక్ కాదు, కాపీ. ఇక్కడ తుడిస్తే అక్కడ పోదు. ప్రతిదీ తెరుచుకుంటుందో లేదో ఒక్క క్షణం ఆడించి ఆపి చూశాను, వినకుండా, సౌండ్ సున్నా పెట్టి. బుట్ట కూడా ఉంచాను. నెల కాదు, ఏడాది.

రెండో తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి బావా అని ఇవ్వబోయాను. బావ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నాకొద్దమ్మాయ్, నా చేయి మంచిది కాదు అన్నాడు. చెప్పేద్దామనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మార్చి 27, ఉదయం 8.15

లోపలికి తీసుకెళ్లారు. వెళ్లేముందు బావ చెయ్యి పట్టుకుంది, నా చెవి మెలేసింది.

మార్చి 27, సాయంత్రం

బాగానే జరిగింది. చాలు.

ఏప్రిల్ 3, ఆస్పత్రి

కంపెనీ గొంతు వచ్చింది. 118 వాక్యాల గొంతు. అక్క టైప్ చేసింది, ఫోన్ మాట్లాడింది. అక్కే, కానీ పెళ్లిచూపులకు కూర్చున్న అక్కలా ఉంది. కోపం రాదు, వెటకారం రాదు. అక్క మొహం చిట్లించి, ఈ మర్యాదస్తురాలెవరే అని కాగితం మీద రాసింది.

తర్వాత బటన్ల పేజీ తెరిచి ఒకటో నంబరు నొక్కింది. బ్రేక్, బ్రేక్, బ్రేకూ అని ఆ ఫోన్ అరిచిన అరుపుకి కారిడార్లో ట్రాలీ తోసుకెళ్తున్న నర్సు ఉన్నచోటనే ఆగిపోయింది. అక్క నవ్వింది. శబ్దం రాలేదు, భుజాలు ఊగాయి. నర్సు కోపంగా లోపలికొచ్చి, విషయం తెలిసి, ఇంకోసారి నొక్కండి అంది.

డ్రైవింగ్ స్కూల్ ఓనరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. జూన్‌నుంచి వస్తుంది, సీటు ఎవరికీ ఇవ్వొద్దని. ఆయన నసిగాడు. నా ఫోన్‌ని అక్క ఫోన్ పక్కన పెట్టి ఒకటో నంబరు నొక్కాను. ఇవ్వనులెండి అన్నాడు.

ఏప్రిల్ 9

అక్క ఇంటికొచ్చి మూడో రోజు. ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. అక్క ఫోన్ తీసి నా వైపు చూస్తూ 41 నొక్కింది.

బుట్ట తీసేసింది నువ్వేనని మీ బావకి చెప్పావా లేదా, అంది.

ఉన్న పది నిమిషాల గొంతులో ఒక వాక్యం దీనికి పెట్టింది. బావ తలెత్తాడు. నేను పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను.

అక్క మళ్లీ నొక్కింది. అదే గొంతు, అదే కోపం. మూడు చోట్ల భద్రంగా దాచింది నేనే, ఎవరు తుడిచినా పోదు.

చెప్పాను.