తోడు దిద్దుబాటు

ప్రియమైన అక్కకు,

నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది. మెట్లెక్కే పనులు చిన్న సిస్టర్లకు వదిలేయమంటే వింటావా, వినవు. మఠం ఆసుపత్రిలో రోగులకు నువ్వు చెప్పే జాగ్రత్తల్లో సగం నువ్వు పాటిస్తే చాలు.

బడి కబుర్లు అడిగావు. మనం చదివిన బడిలోనే నేను లెక్కలు చెప్పడం నీకు ఇప్పటికీ నవ్వులాటే కదా. ఈ ఏడు బడికి నూరేళ్ళు నిండుతున్నాయి. ప్రార్థన హాలుకు రంగులు వేశారు. గోడ మీది పాత ప్రిన్సిపాళ్ళ ఫొటోలు దించి దుమ్ము దులిపి మళ్ళీ వరసగా పెట్టారు. కొత్త ప్రిన్సిపాల్ ఫాదర్ గారు చాలా మెత్తని మనిషి. ఊడ్చే ఆయమ్మను కూడా మీరు అనే పిలుస్తారు. వచ్చిన మొదటి వారమే బెత్తాలన్నీ తెప్పించి స్టోరు గదిలో వేసి తాళం పెట్టించారు. ఆ రోజు నేను ఇంటికొచ్చి మీ మరిదితో ఎంత సంబరంగా చెప్పానో.

బెత్తం స్థానంలో ఆయన పెట్టింది 'తోడు దిద్దుబాటు'. శుక్రవారం ఆఖరి పీరియడులో క్లాసంతా హాల్లో గుండ్రంగా కూర్చుంటుంది. నడుమ ఒక కుర్చీ. అందులో ఒకరు కూర్చుంటే, మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి, "నీ మంచి కోరి చెప్తున్నా" అని మొదలుపెట్టి, ఆ పిల్లలో తాము చూసిన తప్పు చెప్పాలి. కూర్చున్నవాళ్ళు ఎదురు చెప్పకూడదు. చివర్లో అందరికీ కృతజ్ఞతలు చెప్పి లేవాలి. ఇది మన బడిలో ఒకప్పుడు ఉన్న పద్ధతేనట, నడుమ ఎందుకో ఆగిపోయిందట. పాత విద్యార్థులెవరో ఫాదర్ గారికి చెబితే, నూరేళ్ళ పండగకి మళ్ళీ మొదలుపెట్టారు. నేను చదివే రోజుల్లో అయితే లేదు. నీ రోజుల్లో ఉండేదా?

ఫలితం మాత్రం కనబడుతోంది. గంట కొట్టాక వరండాలో నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది. తోపులాటల్లేవు, అరుపుల్లేవు. సంతోషించాల్సిన సంగతే. కానీ తరగతి గదిలోకి వెళుతుంటే పిల్లలు తలెత్తి నన్ను కాదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. అది నాకు కొత్తగా ఉంది.

ఇంకో మాట, మావాడు పదో తరగతికి లీడరయ్యాడు. కుర్చీలో ఎవరు కూర్చోవాలో చెప్పేది వాడే. కాలర్ బొత్తాం పైదాకా పెట్టుకుని తిరుగుతున్నాడు, చూస్తే నవ్వొస్తుంది.

ఇట్లు
నీ చెల్లి, బుడత


ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం అందింది. వానల గురించి రాశావు, కొత్తగా వచ్చిన వంటమనిషి గురించి రాశావు. నేనడిగినదానికి మాత్రం జవాబు రాయలేదు. మరిచిపోయావేమోలే.

మా పదో తరగతిలో ఒక పొడుగమ్మాయి ఉంది. బడి గాయక బృందానికి పాటలు నేర్పే మాస్టారి కూతురు. ఆ పిల్ల నవ్విందంటే పక్క క్లాసులో టీచర్లు సుద్దముక్క ఆపి వినేవాళ్ళు. మొదటిసారి కుర్చీలో కూర్చున్నప్పుడు పెద్దగా నవ్వుతుందన్నారు. నవ్వు తగ్గించింది. తర్వాత, పాటలో అందరికంటే పైకి గొంతెత్తుతుందన్నారు. గొంతు తగ్గించింది. ఆ తర్వాత, తన పొడుగు చూసుకుని గర్వమన్నారు. అక్కా, ఇప్పుడా పిల్ల భుజాలు ముందుకు వంచి నడుస్తోంది. లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి పిలిస్తే కింది అంచున రాస్తోంది.

వంతుల ప్రకారం అందరూ కూర్చోవాలి. కానీ నాలుగైదు వారాలుగా ఆ పిల్లే కూర్చుంటోంది. ఎందుకురా అని మావాణ్ణి అడిగాను.

"తనింకా మారలేదమ్మా."

"ఇంకేం మారాలిరా? మాటే సరిగా మాట్లాడటం లేదు."

"అదే. మాట్లాడకుండా ఉండి మమ్మల్ని చెడ్డవాళ్ళని చేస్తోంది. వచ్చే వారం అదే చెప్తారు అందరూ."

కోపంగా అన్నాడనుకునేవు, కాదు. పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు.

స్టాఫ్ రూములో ఈ సంగతి కదిపి చూశాను. పీటీ మాస్టారు నవ్వేసి, "మీకెందుకండీ, నేను ఈల ఊదకముందే లైన్లో నిలబడుతున్నారు. నా ఈల తుప్పు పట్టిపోతోంది," అన్నారు. కాసేపయ్యాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మా అమ్మాయి ఎనిమిదిలో ఉంది. శుక్రవారం పొద్దున అన్నం ముట్టదు. ఎవరితో అనకండి," అన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో మాత్రం ఒకరి తర్వాత ఒకరు లేచి ఫాదర్ గారిని పొగిడారు. పిల్లలు ఇంట్లో ఎదురు చెప్పడం లేదట. పాటల మాస్టారు చివరి వరసలో కూర్చున్నారు. ఆయన చప్పట్లు కొట్టలేదు. ఆ సంగతి ఎవరెవరు గమనించారో నేనూ గమనించాను.

నిన్న భోజనాల దగ్గర మావాడు కంచంలో చెయ్యి పెట్టకుండా వాళ్ళ నాన్న వైపు తిరిగి, "నాన్నా, నీ మంచి కోరి చెప్తున్నా. నువ్వు ప్రార్థనప్పుడు ఆవలిస్తావు," అన్నాడు. మీ మరిది సరదాకనుకుని నవ్వారు. వాడు నవ్వలేదు. ఆయన కృతజ్ఞతలు చెప్పేదాకా కంచం ముందు అలాగే కూర్చున్నాడు.

ఈసారైనా జవాబు రాయి.

నీ బుడత


అక్కా,

నేను ఉద్యోగం మానేస్తున్నాను.

మొన్న శుక్రవారం పొడుగమ్మాయి కుర్చీలో కూర్చుని, ఎవరూ లేవకముందే తన తప్పులు తానే చెప్పడం మొదలుపెట్టింది. దొంగతనం చేశానంది. దేవుణ్ణి తిట్టుకున్నానంది. చిన్నపిల్లల్ని గిల్లానంది. అందులో ఒక్కటీ నిజం కాదు. ఇంకా చెప్పమన్నట్టు అందరూ చూస్తుంటే, ఇంకా ఇంకా వెతుక్కుని చెప్పింది. ఆ రోజు నుంచి నోరు తెరవలేదు. వాళ్ళ నాన్న ఎంత బతిమాలినా మాట రావడం లేదట. డాక్టరు గొంతులో ఏమీ లేదన్నారట.

నేను తిన్నగా ఫాదర్ గారి గదికి వెళ్ళి ఇది ఆపమన్నాను. ఆయన కుర్చీ జరిపి, నన్ను కూర్చోమని, నీళ్ళ గ్లాసు నా ముందుకు నెట్టారు.

"మీ బాధ నాకర్థమవుతోందమ్మా. కానీ ఆ పిల్ల మౌనంలో నాకు పశ్చాత్తాపం కనబడుతోంది. కొంచెం ఓపిక పట్టాలి."

"అది పశ్చాత్తాపం కాదు ఫాదర్. భయం."

ఆయన నా వైపు జాలిగా చూశారు. వచ్చే శుక్రవారం టీచర్లూ కూర్చోవడం మొదలుపెడితే బాగుంటుందనీ, మొదట నేను కూర్చుంటే పిల్లలకు ఆదర్శంగా ఉంటుందనీ అన్నారు. ఆయన మనసులో కక్ష లేదు. అదే నన్ను భయపెట్టింది. కక్ష ఉన్న మనిషితో పోట్లాడొచ్చు.

పదో తరగతి పిల్లలు ఇప్పుడు నేను రాగానే లేచి నిలబడి నన్ను పరిశీలనగా చూస్తున్నారు. నా చీర మడతలు, నా గొంతు, నేను ఎవరి నోటు పుస్తకం ముందు దిద్దానో. దేనికి పోగుచేసుకుంటున్నారో నాకు తెలుసు. వాళ్ళ నడుమ మావాడు కూడా.

ఈ శుక్రవారమే రాజీనామా ఇచ్చి, వాణ్ణి కూడా బడి మాన్పించేస్తానని వాడితో చెప్పాను. "నువ్వెళ్ళమ్మా, నేను రాను. నాకు అందరూ అక్కడే ఉన్నారు," అన్నాడు. ఆ మాటకు నువ్వు గుర్తొచ్చావు. నువ్వూ అంతే కదా. పదో తరగతి అవగానే నాతో ఒక్క మాటైనా అనకుండా మఠానికి వెళ్ళిపోయావు. దేవుడు పిలిచాడు, సంతోషించమంది అమ్మ. ఒకే మంచం మీద పడుకునే చెల్లికి చెప్పి వెళ్ళొద్దని దేవుడన్నాడా అని అప్పుడు అడగాలనిపించింది. ఇన్నేళ్ళూ అడగలేదు. ఇవాళ రాసేశాను.

బుడత


మా అక్కకు,

నువ్వు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా బస్టాండులోనే నిలబడ్డాను. నువ్వు సరిగా అన్నం కూడా తినకుండా వెళ్ళావని మీ మరిది ఇప్పటికీ నన్నే దెప్పుతున్నారు.

చెప్పా పెట్టకుండా శుక్రవారం గేటు దగ్గర దిగి, నా బదులు నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నావు. మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా. నీ ముఖం పిల్లల వైపు ఉంది కాబట్టి నీకు కనబడనిది చెప్తాను. "నేనీ బడి పిల్లనే. చెప్పండి, నా తప్పులేమిటి?" అని నువ్వడగగానే నీ వెనక గోడ పక్కన నిలబడ్డ ఫాదర్ గారు చిరునవ్వుతో తలూపారు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నువ్వెవరో తెలియని వాళ్ళు ఏం చెబుతారు? అప్పుడు నువ్వే అన్నావు, "మీ వయసులో నన్ను ఇదే హాల్లో ఏడాదంతా కూర్చోబెట్టారమ్మా. నేనెవరికీ పనికిరానని నమ్మేశాను. నన్నెరుగని చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ మఠానికి పోయాను. దేవుడి పిలుపు నాకు వినబడింది చాలా ఏళ్ళ తర్వాత. ఆ రోజు మాత్రం నేను పారిపోయాను. ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండేది, దానికి నా ముఖం చూపించలేకపోయాను." ఆ మాట దగ్గర ఫాదర్ గారి చిరునవ్వు పోయింది. ఆయన గోడకు చెయ్యి ఆనించారు. నేను స్తంభం చాటుకు వెళ్ళిపోయానని నీకు తెలుసులే.

సోమవారం ప్రార్థనలో ఆయన పిల్లలందరి ముందూ క్షమించమని అడిగి, దిద్దుబాటు రద్దు చేశారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ శుక్రవారం ఇచ్చిన రాజీనామా కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. నెలాఖరున వెళ్ళిపోదామనే ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం మైదానం వైపు చూస్తే ఆటలు లేవు. నీళ్ళ ట్యాంకు వెనక పదో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళను ఎవరూ కూర్చోమనలేదు. నడుమ మావాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. వాడి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నది పొడుగమ్మాయి. అక్కా, ఆ పిల్లకు గొంతు తిరిగొచ్చింది. వాడు ఏయే రోజున ఎలా నవ్వాడో, ఎవరి చెవిలో ఏం చెప్పాడో ఒక్కొక్కటే చెబుతోంది. చుట్టూ కూర్చున్న పిల్లలు మొన్నటిదాకా వాడికి తలూపిన వాళ్ళే. ఇప్పుడు ఆ పిల్లకు తలూపుతున్నారు. మావాడు ప్రతిదానికీ కృతజ్ఞతలు చెబుతున్నాడు. పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి.

అరిచి చెదరగొడదామనుకున్నాను. ఇవాళ చెదిరితే రేపు ఇంకో గోడ చాటున కూర్చుంటారు. వెళ్ళి మావాడి పక్కన మట్టిలో కూర్చున్నాను.

"చెప్పమ్మా. నేనూ వింటాను," అన్నాను.

ఆ పిల్ల చుట్టూ చూసింది. తర్వాత అందరి ముందు కాదు, వంగి నా ఒక్కదానికే వినబడేలా, "టీచర్, ఎలా ఆపాలో తెలీట్లేదు," అంది.

చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మావాడు తల తిప్పి ఆ పిల్ల వైపు చూడలేకపోయాడు. నేల వైపే చూస్తూ, "నేనే పేరు రాసేవాణ్ణి ప్రతిసారీ. నువ్వు నవ్వితే నాకు భయమేసేది," అన్నాడు. క్షమించానని చెప్పమని ఆ పిల్లను నేను అడగలేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. అందరూ నా ముఖమే చూస్తున్నారు, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నట్టు. నాకూ తెలియదక్కా.

ఇవాళ పొద్దున వెళ్ళి రాజీనామా వెనక్కి ఇమ్మన్నాను. ఫాదర్ గారు మారు మాట్లాడకుండా చింపి బుట్టలో వేశారు. పిల్లలు ఇప్పటికీ వరండాలో చప్పుడు లేకుండానే నడుస్తున్నారు. ఎవరో ఒకరు పరిగెత్తేదాకా నేను ఇక్కడే ఉంటాను.

నిన్ను ప్రేమించే
నీ బుడత