ముకర్రం భాయ్‌కి పంపగూడని చప్పుడు

ఏమయ్యా,

మా అవ్వను తీస్కొని ధర్మపురి పోతున్న. పొద్దూకేసరికి వస్త. పప్పు పొయ్యి మీదున్నది, జర ఎచ్చవెట్టుకొని తిను.

ఫోన్ల జాగ లేదని రోజూ మొత్తుకుంటున్నవు గదా, పొద్దుగాల కూసొని అంతా ఎతికిన. ఎనభై మూడు రికార్డింగులున్నయి! బట్ట నేసే సాంచ ఖరాబైనప్పుడల్లా దాని చప్పుడు రికార్డు చేసి మెకానిక్ ముకర్రం భాయ్‌కి పంపుడు, ఇగ గట్లనే వదిలేసుడు. పేర్లు లేవు, అన్నీ తారీఖులే.

పనికిరానియి తీసేసి రెండు ఫోల్డర్లు చేసిన. ‘సాంచ’ల ఉన్నయి ముకర్రం భాయ్‌కి పంపేటియి. ‘ఇల్లు’ల ఉన్నయి ఎవ్వలకూ పంపేటియి కావు. పంపేముందు ఒకపారి ఇను. మొన్న రికార్డింగు బందు చెయ్య మర్చిపోయి, ఇంట్ల నేను నిన్ను తిట్టింది గుడ పంపినవు. ఆయన జవాబు గిప్పుడే చూసిన: “సత్తన్నా, సాంచ బరాబర్ ఉన్నది. నువ్వే జర హుషారుగుండు.” రేపు ఆయన ముంగట నేనెట్ల నడవాలె?

ఆఖరికి ఇంకో ముచ్చట. పేర్లు లేవన్న గదా, ఒక్కదానికి ఉన్నది. ‘సాంచ మంచిగున్నప్పుడు’ అని నువ్వే రాసుకున్నవు. ఇన్న. సాంచ సన్నగ ఇనవడుతున్నది, దాని మీదికెల్లి నూలు కండెలు చుట్టుకుంట నేను పాడుతున్న. నువ్వు ఎప్పుడు రికార్డు చేసినవో నాకు ఎరుకనే లేదు.

దాన్ని ఏ ఫోల్డర్ల ఎయ్యాల్నో సమజ్ గాక బయటనే ఉంచిన. నువ్వే ఎయ్యి. ముకర్రం భాయ్‌కి పంపినవో, మల్ల రికార్డు చేసుకునే తిట్లు తింటవు!