అద్దం దగ్గర డెబ్బై నాలుగు డిగ్రీలు

7 మే 2007

ఇంతియాజ్ పెళ్లి వీడియో క్యాసెట్లు వచ్చాయి. మిక్సింగ్ నేనే చేయాలి.

ఉర్దూలో రాస్తే అమ్మీ చదివేస్తుంది. తెలుగు ఆమెకు రాదు. అందుకే ఈ డైరీ తెలుగులో రాసుకుంటున్నాను.

తెచ్చింది మౌలాబీ, ఇంతియాజ్ తల్లి. ఆడోళ్ల దిక్కు తీసిందంతా ఉన్నదట, మొగోళ్ల చేతిల పెడితే కోడలు తరఫోళ్లు ఒప్పుకోరట. కెమెరా కూడా పెళ్లికూతురి మేనమామే పట్టాడట. వనపర్తి చుట్టుపక్కల మిక్సింగ్ తెలిసిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. కెమెరా, క్యాసెట్లు మా స్టూడియోవే. అబ్బా కిరాయికి ఇచ్చాడు, ఎవరి పెళ్లికో నాకు చెప్పలేదు.

నువ్వు మా ఇంటి పిల్ల లెక్కనే బిడ్డా అన్నది మౌలాబీ. పోయిన ఏడాది ఇదే మౌలాబీ మా అమ్మీతో, పొద్దంత పరాయోళ్ల పెండ్లిండ్లు చూస్కుంట దుకాన్ల కూసునే పిల్ల మాకొద్దు అన్నది. ఆ రోజు ఇంతియాజ్ బయట స్కూటర్ దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ఒక్క మాట అనలేదు. మూడేళ్లు నాతో తెగ మాట్లాడిన మనిషి.

ఇప్పుడు దుకాణంలో కూర్చునే పిల్లే కావలసి వచ్చింది. నా వల్ల కాదు అనబోయాను. కానీ పెళ్లికూతురి తల్లి ఆత్మకూరులో మంచం పట్టి ఉందట. కర్నూలు పెద్ద దవాఖాన వాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. కూతురి నిఖాకు హాలు దాకా కూడా రాలేకపోయిందట. జర జల్ది ఇయ్యి బిడ్డా, పానం ఉండంగ చూసుకుంటది అన్నది. క్యాసెట్లు తీసుకున్నాను.

9 మే

ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా చేసే రెండరింగ్ మధ్యలో సిస్టం టప్పున ఆగిపోయింది. దానికీ ఇష్టం లేనట్టుంది.

10 మే, సాయంత్రం

మళ్లీ ఆగింది. మళ్లీ అక్కడే, జల్వా దగ్గర. పెళ్లికొడుకు, పెళ్లికూతురు తలల మీద ఎర్ర దుపట్టా కప్పి, కింద అద్దం పెట్టి, అందులో ఒకరి ముఖం ఒకరికి మొదటిసారి చూపిస్తారే, అక్కడ. ఆ ముక్కకు స్లో మోషన్, చుక్కలు, గుండె ఆకారం ఫ్రేము పెట్టమని మౌలాబీ ప్రత్యేకంగా చెప్పి పోయింది. పెట్టాను. ఏ పెళ్లికైనా పెడతాను.

అబ్బా యూపీఎస్ మార్చి చూశాడు. లాభం లేదు. ఈ సిస్టం బిగించింది ఇంతియాజే, గద్వాలలో వాడి దుకాణానికి ఫోన్ చేద్దునా అని నసిగాడు. నేను అబ్బా ముఖం చూశాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

గది వేడికి ఆగుతోందా అని బస్టాండు దగ్గర నెట్ సెంటర్ వెంకటేశం సార్‌ను అడిగాను. గది వేడి కాదమ్మ, ప్రాసెసర్ వేడెక్కుతున్నదేమో, ముందుగాల ఎంత ఎక్కుతున్నదో చూడు, దానికి సాఫ్ట్‌వేర్లు ఉంటయి అన్నాడు. మూడు రకాలు సీడీలో వేసిచ్చాడు. ఏది మంచిదో ఆయనకు కూడా తెలియదట.

12 మే

మూడూ వేసి చూశాను.

మొదటిది ముప్పై ఎనిమిది అంటుంది. ఏం చేసినా ముప్పై ఎనిమిదే. పాటలు పెట్టినా, రెండరింగ్ పెట్టినా. డార్క్‌రూమ్ కాలం నాటి థర్మామీటర్ గోడకు ఇంకా ఉంది, అందులో గది నలభై రెండు. గదికన్నా ప్రాసెసర్ చల్లగా ఎలా ఉంటుంది? ఇలా ఏం అడిగినా "బాగనే ఉన్న" అనే మనిషిని ఒకణ్ని చూశాను. తీసి పారేశాను.

రెండోది రంగురంగుల గీతలు గీస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ రెండరింగ్ వేళ తనే సగం బలం తింటుంది. వేడి చూడ్డానికి వచ్చి వేడి పెంచేది నాకెందుకు?

మూడోదానికి అందం లేదు. కింద మూలకు, గడియారం పక్కన ఒక చిన్న అంకె, అంతే. రెండరింగ్ పెట్టగానే అంకె ఎక్కడం మొదలుపెట్టింది. అరవై దాటాక డబ్బా విప్పి, ప్రాసెసర్ మీద వేడి లాగే లోహపు దువ్వెన లాంటి హీట్‌సింక్‌కు వేలు తగిలించాను. చురుక్కుమంది. ఇది నిజం చెబుతోంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఉలికినా సరే, దీన్నే ఉంచుకున్నాను.

13 మే

నిఖా దగ్గర 61. భోజనాల దగ్గర 60. అద్దం దగ్గర 74, ఆగిపోయింది.

14 మే

ఏ ఎఫెక్ట్ బరువవుతోందో తేల్చుకుందామని అద్దం ముక్క ఒక్కటే తెరిచాను. చుక్కలు తీసేశాను, గుండె తీసేశాను. ఒట్టి వీడియో మిగిలింది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ పోయాను.

మేనమామ కెమెరాను బాగానే వంచాడు. అద్దంలో ఇద్దరి ముఖాలూ పడ్డాయి. అర్షియా కళ్లు మూసుకుని ఉంది, పెళ్లికూతురు కదా, మూసుకోవాలి. అందంగా ఉంది. ఉండకూడదని ఎంతగానో కోరుకున్నాను.

ఇంతియాజ్ కళ్లు కూడా మూసే ఉన్నాయి.

రెప్పపాటేమో అనుకున్నాను. ముందుకు జరిపాను. మూసే ఉన్నాయి. ఇంకా జరిపాను. దుపట్టా కిందికి తల వంచినప్పటి నుంచి మళ్లీ పైకెత్తేదాకా అతను కళ్లు తెరవలేదు. గట్టిగా మూసుకున్నాడు, సూది వేయించుకునే పిల్లల్లా. ఆడవాళ్లు ఏం కనపడ్డది ఏం కనపడ్డది అని ఒకటే గోల. చాంద్ అన్నాడు. అందరూ నవ్వారు. కళ్లు మూసుకుని చంద్రుణ్ని చూసిన మొనగాడు. అర్షియా కళ్లు తెరిచేసరికి అతని తల పైకి లేచిపోయింది.

హాలు నిండా మనుషులు. ఎవరూ చూడలేదు. మామూలు వేగంలో తెలియనే తెలియదు. స్లో మోషన్‌లో మాత్రం గుడ్డివాడికైనా తెలుస్తుంది.

నాకోసమే మూసుకున్నాడని నా మనసు ఉరికింది. సిగ్గులేని మనసు. సంతోషపడింది కూడా. ఎందుకు అబద్ధం చెప్పాలి, పడింది. అమ్మీ అన్నానికి పిలిస్తే తలనొప్పి అన్నాను.

15 మే

కళ్లు మూసుకోవడానికి బదులు ఆ రోజు నోరు తెరవవలసింది ఇంతియాజ్. ఇద్దరం బాగుపడేవాళ్లం. ఆమెతో కలిపి ముగ్గురం.

17 మే

హీట్‌సింక్ పళ్ల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. పాత బ్రష్షుతో అంతా లాగేశాను. డబ్బా పక్క రేకు తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. అద్దం దగ్గర స్లో మోషన్, చుక్కలు, గుండె, అన్నీ తిరిగి వేసి చూశాను. 58. దాటలేదు. ఆగలేదు.

సిస్టం బాగుపడింది. తెర మీద ఇంతియాజ్ కళ్లు ఎంతకీ తెరవడు, నిదానంగా, చుక్కల మధ్య.

ఆ ముక్కకు స్లో మోషన్ తీసేశాను. అతని ముఖం మీదుగా గులాబీ రేకులు రాల్చాను, సరిగ్గా కళ్లు దాగేలా. పని బాగా కుదిరింది. నా చేయి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

19 మే, మధ్యాహ్నం

అర్షియా వచ్చింది. ఆత్మకూరు బస్సు దిగి, చిన్నమ్మను వెంటబెట్టుకుని, ఆ ఎండలో. తల్లి దగ్గరే ఉంటోందట. నా సంగతి ఆమెకు ఏమీ తెలియదు. అక్కను పిలిచినట్టు ఆపా ఆపా అంటుంది. నాకోసం మామిడిపండ్లు తెచ్చింది. అసహ్యించుకుందామని ఎంతో సిద్ధపడి ఉన్నాను, ఆ అవకాశమే ఇవ్వలేదు.

అద్దం ముక్క చూపించమంది. చూసింది. జల్ది అయిపోయిందేంది ఆపా అన్నది. ఆ పొద్దు నేను కండ్లు మూస్కున్న, ఆయన నన్ను ఎట్ల చూసిండో నాకు తెల్వదు, అమ్మీ రోజు గదే అడుగుతున్నది, జర నిదానంగ చెయ్యి, ఇద్దరం చూస్తం అన్నది.

మూల ఉన్న అంకె చూపించాను. స్లో మోషన్ పెడితే ప్రాసెసర్ తట్టుకోదు, ఇప్పటికే ఎంత ఉందో చూడు, ఇంకా ఎక్కితే మొత్తం పెళ్లే పోతుంది అన్నాను. అంకె 52 ఉంది. 52 అంటే ఎక్కువో తక్కువో పాపం ఆమెకేం తెలుసు? అయ్యో వద్దు తియ్ ఆపా, పెండ్లి పోతే ఎట్ల అని బెదిరిపోయింది. ఏరికోరి నిజం చెప్పేదాన్ని తెచ్చుకుని, దాన్నే చూపించి అబద్ధమాడాను.

పోతూ పోతూ నా చేయి పట్టుకుంది. ఆయన జర తక్కువ మాట్లాడుతడు ఆపా, మెల్లగ అలవాటైతడు గద అని అడిగింది. అవుతాడు అన్నాను.

మామిడిపండ్లు అమ్మీ కోసింది. తియ్యగా ఉన్నాయి. రెండు తిని ఏడ్చాను.

21 మే

డీవీడీ ఆత్మకూరుకు పంపాను.

26 మే

అర్షియా ఫోన్ చేసింది. వాళ్ల అమ్మీ మొత్తం చూసిందట. దిండ్లకు ఆనించి కూర్చోబెడితే నిఖా దగ్గర ఏడ్చిందట, భోజనాల దగ్గర ఎవరెవరు వచ్చారో పేరు పేరునా అడిగిందట.

అద్దం దగ్గర మాత్రం ఆపించిందట. మళ్లీ వేయించిందట. మళ్లీ ఆపించిందట.

తర్వాత, ఆ పూలు గా జాగలనే ఎందుకు పడ్డయి, ఆ పిల్లను జర తీసెయ్యమను, అల్లుని కండ్లు చూస్త అన్నదట. అయితదా ఆపా అని అర్షియా అడుగుతోంది.

కనుక్కుని చెబుతాను అన్నాను.

27 మే

ప్రాసెసర్ 47. గది 43.

శ్రీరంగాపూర్‌లో ఎవరిదో పెళ్లి ఉందని అబ్బా క్యాసెట్ అడిగాడు. జల్వా ఉన్నదే ఇచ్చాను. దాని మీదే రికార్డ్ చేయమన్నాను. సిస్టంలో ఉన్న పూలు లేని ముక్కనూ తీసేశాను.