గ్రెబ్, రాబిన్సన్, మధ్యలో ఆల్టూనా

ఫిలడెల్ఫియా,
1959 సెప్టెంబరు 2

కాజిమిర్ డ్రోజ్డ్ గారికి,

ఫిలడెల్ఫియాలో రొట్టెల కొట్టు నడుపుకునే బార్నీ లెఫ్కిన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమే అనుకుంటాను, ఈ ఉత్తరం చదివేదాకా.

బాక్సింగ్ పత్రికలో మీ లేఖ చూశాను. ఈ భూమ్మీద పుట్టిన మిడిల్‌వెయిట్లందరిలోకీ గొప్పవాడు మీ పిట్స్‌బర్గ్ హ్యారీ గ్రెబ్ అని రాశారు. రాసుకోండి, ఎవరి ఊరి కోడి వాళ్లకి పందెం కోడే. కానీ ఐదుసార్లు కిరీటం గెలిచిన రే రాబిన్సన్ ఉండగా, ఆడిన ఆటల్లో ఒక్కదానికీ ఫిల్ము ముక్కయినా మిగలని గ్రెబ్‌ని పొగడడం, తినని రొట్టెకి రుచి చెప్పడమే.

అదీ పోనివ్వండి. లేఖ చివర "ఫిలడెల్ఫియా బార్నీ లెఫ్కిన్‌ని ఓడించినవాడిగా ఈ మాట చెబుతున్నాను" అని ఉంది. అయ్యా, ఆ లెఫ్కిన్‌ని నేనే. 1919లో మన రెండూళ్లకీ మధ్యనున్న ఆల్టూనాలో పది రౌండ్లు మిమ్మల్ని ఉతికిందీ నేనే.

ఇట్లు,
బార్నీ లెఫ్కిన్

తా.క.: మీ ముక్కు ఇప్పుడెలా ఉంది?


పిట్స్‌బర్గ్,
సెప్టెంబరు 7

లెఫ్కిన్ గారికి,

ముక్కు క్షేమం. మీరు ఎక్కడ వదిలారో అక్కడే, ఎడమవైపున ఉంది.

దేవుడి ఫిల్ము కూడా ఎవరూ తీయలేదు. అయినా మేం ఆదివారం ఆదివారం చర్చికి వెళుతూనే ఉన్నాం. గ్రెబ్ ఒక కన్ను కనపడకుండానే కిరీటం నిలబెట్టుకున్న మనిషి. మీ రాబిన్సన్ ఏడేళ్ల కిందట జూన్ నెల ఉక్కపోతకే పద్నాలుగో రౌండుకి స్టూలు మీంచి లేవలేకపోయాడు. నేను ముప్పైనాలుగేళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డాను. నాకెవరూ స్టూలు కూడా వేయలేదు.

ఇక ఆల్టూనా సంగతి. మన రోజుల్లో చివరి గంట కొట్టేటప్పటికి ఇద్దరూ నిలబడి ఉంటే రిఫరీ ఎవరి చెయ్యీ ఎత్తకూడదు. తెల్లారి పేపరు ఏం రాస్తే అదే తీర్పు. మా పిట్స్‌బర్గ్ పేపరు గెలుపు నాదని రాసింది. అప్పటికే నేను రెండు ఆటలు ఓడి ఉన్నాను. "ఇది కూడా ఓడి వస్తే మా గుమ్మం తొక్కకు" అన్నారు మా మామగారు. ఆ పేపరు చూశాకే హెలెన్‌ని నాకిచ్చారు.

అక్టోబరు 18కి మా పెళ్లయి నలభై ఏళ్లు. చర్చి హాల్లో విందు. ఆ పేపరు ముక్కకి ఫ్రేము కట్టించాం, ఫాదరు గారు అందరికీ చదివి వినిపిస్తారు. ఈ వయసులో నన్ను ఓడిన పెళ్లికొడుకుని చేయకండి.

భవదీయుడు,
కాజిమిర్ డ్రోజ్డ్

తా.క.: మీ ఉత్తరం వచ్చిందనగానే హెలెన్ చేతిలో పళ్లెం జారి పగిలింది. మీరంటే మా ఇంట్లో అంత గౌరవం.


ఫిలడెల్ఫియా,
సెప్టెంబరు 12

డ్రోజ్డ్‌కి,

'గారు' మానేశాను, గమనించు.

కొలిమి సంగతి రొట్టెలవాడికి చెప్పకు. ఆ జూన్ వేడికి రిఫరీయే తాళలేక మధ్యలో దిగిపోతే ఇంకొకణ్ణి ఎక్కించారు. మరి రిఫరీని ఎవరూ గుద్దలేదే?

మా పేపరు గెలుపు నాదని రాసింది. మా అమ్మ పోయేదాకా ఆ ముక్క వంటింటి గోడకే ఉంది. నీ పేపరు నీ ఊరిది, నా పేపరు నా ఊరిది. ఆల్టూనా పేపరుకి మనిద్దరిలో ఎవరూ చుట్టం కాదు. అక్కడి లైబ్రరీకి రాశాను. ఆనాటి వార్తకి రెండు నకళ్లు తీసి, నీకొకటి, నాకొకటి పంపమన్నాను. విందులో అదే చదివించు.

ఇట్లు,
ఆల్టూనా విజేత

తా.క.: పళ్లెం గౌరవంతో జారిందన్నావు. మా ఆవిడ నలభై ఏళ్లుగా నా మీద పళ్లేలు విసురుతోంది. అది గౌరవమని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.


పిట్స్‌బర్గ్,
సెప్టెంబరు 22

లెఫ్కిన్ గారికి,

హెలెన్ డ్రోజ్డ్ నమస్కారాలు. ఈ ఉత్తరం సంగతి మా ఆయనకి తెలియదు.

ఇంటికి వచ్చే టపా నేనే తీస్తాను. నిన్న ఆల్టూనా నకలు వచ్చింది. పది రౌండ్లలో ఎనిమిది మీవి, ఒకటి సమానం. మిగిలిన ఒక్కటి మీ బూటు లేసు ఊడినప్పటిదట. ఆ కాగితం మా పిండి డబ్బా అడుగున ఉంది.

1919లో నేను మా ఊరి పేపరు ఆఫీసులో ఫోను ఎత్తేదాన్ని. విలేకరులు పైఊళ్ల నుంచి చెప్పే వార్తలు టైపు చేయడం నా పని. ఆ రోజు ఆల్టూనా నుంచి విలేకరి చెప్పింది చెప్పినట్టే కొట్టాను. మీ పేరున్న చోట కాజిమిర్ పేరు, కాజిమిర్ పేరున్న చోట మీ పేరు పెట్టాను, అంతే. లేకపోతే మా నాన్న నన్ను పెళ్లాం పోయిన కసాయి కొట్టువాడికి కట్టబెట్టేవాడు.

ఆ ఒక్క గెలుపు తలుచుకునే మా ఆయన కొలిమి ముందు అన్నేళ్లు నిలబడ్డాడనుకుంటాను. నలభై ఏళ్లుగా మీ గెలుపు మా ఇంట్లో ఉంది. అడగకుండా తీసుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను, ఉంచుకోనిస్తారా?

కృతజ్ఞతతో,
హెలెన్

తా.క.: వేరే పార్సిల్లో పియరోగీలు పంపుతున్నాను, ఉడికించిన కజ్జికాయల్లాంటివి. లోపల బంగాళాదుంప, జున్ను, అంతే. మాంసం లేదు, మీ యూదుల నియమానికి అడ్డు రాదు, మీరు తినవచ్చు.


ఫిలడెల్ఫియా,
సెప్టెంబరు 30

ప్రియమైన కాజిమిర్,

ఆల్టూనా నకలు వచ్చింది. గెలుపు నీదే. ఎనిమిది రౌండ్లు నీవి. నువ్వు కూడా చూద్దువుగాని అని పొయ్యి పక్కన జాగ్రత్తగా పెట్టాను. రొట్టెతోబాటు కాలిపోయింది. నీ నకలు ఇంకా రాకపోతే ఎదురుచూడకు, లైబ్రరీ వాళ్లు ఒక్కటే తీశారట.

ఆ ఆట తర్వాత నువ్వెక్కడున్నావో, ఎలా ఉన్నావో నాకు తెలియదు. ఒకరి చేతి దెబ్బలు ఒకరం పది రౌండ్లు తిన్నాం, తర్వాత నలభై ఏళ్లు ఒక కార్డు ముక్క రాసుకోలేదు. నీ పత్రిక లేఖకి నేను రుణపడ్డాను. ఈ ఉత్తరం విందులో చదివించుకో.

రాబిన్సన్‌ని మాత్రం వదలను.

నీ చేతిలో ఓడిన,
బార్నీ

తా.క.: ఓటమి ఎలా ఒప్పుకోవాలో ఇప్పటికి నేను నేర్చుకున్నాను కాబట్టి ఇంట్లో కూడా వాడమని మా ఆవిడ అంటోంది.


పిట్స్‌బర్గ్,
అక్టోబరు 19

ఒరేయ్ బార్నీ,

నిన్న ఫాదరు గారు నీ ఉత్తరం చదివారు. హాలంతా చప్పట్లు. హెలెన్ వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతో అనుకున్నారందరూ.

నా ఉత్తరాలన్నీ ఆమే చదివి, అంటించి, పోస్టు చేస్తుంది. ఇది మాత్రం నేనే కొండ దిగి వచ్చి డబ్బాలో వేస్తున్నాను.

నీకు అబద్ధమాడడం రాదురా. ఐదో రౌండు తర్వాత ఏం జరిగిందో నాకు అప్పుడూ గుర్తులేదు, ఇప్పుడూ గుర్తులేదు. తెల్లారి పేపరు చూస్తే నేనే గెలిచానని ఉంది. తర్వాత అద్దం చూశాను. అద్దం కూడా ఒక పేపరే కదా, అది తీర్పు నీకిచ్చింది.

పేపరు మళ్లీ చదివాను. "నీలికళ్ల డ్రోజ్డ్ సింహంలా విజృంభించాడు" అని ఉంది. చుట్ట నములుతూ కూర్చునే ఏ విలేకరి బాక్సరు కళ్ల రంగు చూస్తాడు? పైగా ఆ రాత్రి నా కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. ఆ ఆఫీసులో నా కళ్లు బాగా ఎరిగిన మనిషి ఒక్కతే. ఆ మధ్యాహ్నమే వెళ్లి వాళ్ల నాన్నని పిల్లనిమ్మని అడిగాను.

ఆ పేపరుని నేను నమ్మానని ఆమె అనుకోవాలనే నలభై ఏళ్లుగా గెలిచినవాడిలా తిరుగుతున్నాను. పత్రికకి రాసిందీ, నీతో తగువు పడిందీ అందుకే. నీకు ఆమె రాసే ఉంటుంది. ఫిలడెల్ఫియావాడు ఊరికే ఓటమి ఒప్పుకోడు.

నీకు రెండు ధన్యవాదాలు బాకీ. నన్ను కొట్టినందుకు ఒకటి, నా చేతిలో ఓడినందుకు ఒకటి.

నీ,
కాజిమిర్

తా.క.: ఈ ఉత్తరానికి జవాబు రాయకు, టపా తీసేది ఆమే. గ్రెబ్‌ని తిడుతూ వేరే ఉత్తరం ఒకటి రాయి. గట్టిగా తిట్టు, ఆమెకి అనుమానం రాకూడదు.