కన్ను మూతపడని పదకొండు రోజులు

నాన్నా,

కోడలిపిల్లను ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఈ చీటీ చూడగానే దాని పరీక్షల ఫైలు పట్టుకుని వచ్చెయ్.

పొద్దున "ఏడో నెలకే ఇంత బద్ధకమా?" అని దెప్పాను. బట్టలు మడతపెడుతూనే, "అత్తయ్యా, పదకొండు రోజులుగా కన్ను మూతపడలేదు. చచ్చిపోతే బాగుండనిపిస్తోంది," అంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇది జబ్బేనట, నయమవుతుందట, ఒంటరిగా మాత్రం వదలొద్దంది.

పక్కనే పడుకుంటావు, నీకెలా తెలియలేదురా? ఇంట్లోనే ఉండి నోరు పారేసుకున్నదాన్ని, నిన్ను అని ఏం లాభం!

అమ్మ

అది చెప్పులు వేసుకుంటూ కూడా "ఆయనకు వంట చేయలేదు" అని కంగారుపడుతోంది. దారిలో ఏదైనా కొనుక్కొచ్చి, నీ చేత్తో దానికి రెండు ముద్దలు పెట్టు.